మెట్ల తెర వెనకవైపు

ఆ వానాకాలం మొదట్లో మా స్టూడియో సగమైపోయింది.

ఇల్లుగలాయన పక్కనే మందుల షాపు నడుపుతాడు. సరుకుకి చోటు చాలక మా హాలు వెనక సగం తీసుకుని అడ్డంగా గోడ కట్టించాడు. అలా తీసుకోవచ్చని ముందునుంచీ ఒప్పందమే, ఆయన్ని అనడానికేం లేదు. మేస్త్రీ పైవరస ఇటుకలు పేరుస్తుంటే మా అక్క కెమెరా స్టాండు పక్కన నిలబడి ఆ గోడకేసీ, వీధి గుమ్మంకేసీ మార్చి మార్చి చూసింది.

"ఇకనుంచి పెద్ద కుటుంబం ఎవరైనా వస్తే నేను వీధిలో నిలబడి తియ్యాలిరా. గొడుగు నువ్వు పట్టుకో," అంది.

నేను ఊఁ అన్నాను. నేను మాటకారిని కాను. ఇంట్లో ఉన్న మాటలన్నీ అక్కే ముందు పుట్టి పట్టుకుపోయిందని మా అమ్మ అనేది.

స్టూడియో అక్కది. ఫోటో తీసేది అక్క. మనుషుల వెనక వేలాడే తెరలు వేసేది నేను. పాలరాతి మెట్లు, గులాబీ తోట, హంసల సరస్సు, పుస్తకాల గది. అన్నిటిలోకీ పెద్దది మెట్ల తెర. రెండు స్తంభాల మధ్య నుంచి మెట్లు వంపు తిరుగుతూ పైకి పోతాయి. పై మెట్టు మీద ఒక కిటికీ, దాని అద్దంలో సాయంత్రపు ఎండ. పెళ్లయినవాళ్లూ, ఉద్యోగం వచ్చినవాళ్లూ, మొదటిసారి కోటు కుట్టించుకున్నవాళ్లూ ఎంతమంది ఆ మెట్ల ముందు నిలబడ్డారో లెక్క లేదు.

తెరకి ఒక ఇబ్బంది ఉంది. మనిషి దానికి ఎడంగా నిలబడాలి. దగ్గరగా నిలబడితే మనిషి నీడ తెర మీద పడుతుంది. నేల మీద పడితే పరవాలేదు. ఆకాశం మీద పడితే నవ్వులాట. గోడ కట్టాక ఎడం పోయింది. మర్నాడు వచ్చిన లావుపాటి పెద్దమనిషి నీడ సరస్సు దాటి, హంసలు దాటి, మబ్బుల మీద ఇంకో పెద్దమనిషిలా కూర్చుంది.

అక్క కూతురి కూతురు ఆ యేడే మా దగ్గర పనిలో చేరింది. కంప్యూటర్ మీద ఫోటోల పని బాగా నేర్చుకుంది. ఆ నీడ చూసి ఏమీ అనకుండా వెళ్లి, సంచీలోంచి ఒక ఆకుపచ్చ గుడ్డ తీసుకొచ్చి బల్ల మీద పరిచింది. చిలకని ఉతికి ఆరేసినట్టుంది.

"అమ్మమ్మా, మనుషుల్ని దీని ముందు కూర్చోబెట్టి తీద్దాం. తర్వాత కంప్యూటర్‌లో ఈ ఆకుపచ్చంతా తీసేసి వెనక ఏది కావాలంటే అది పెడతాను. సముద్రం, కొండలు, విమానం మెట్లు, ఏదైనా."

"దీని మీద నీడ పడదా?"

"పడుతుంది. ఆకుపచ్చతో పాటు అదీ పోతుంది."

అక్క ఆ గుడ్డని వేళ్లతో నలిపి చూసింది. నా మొహం చూడలేదు. పైకి, దూలంకేసి చూసింది. పాత హాల్లో తెరలన్నీ ఒకదాని వెనక ఒకటి కప్పీల మీద వేలాడేవి. ఇప్పుడు ఒక్క దానికే చోటుంది.

"వానలు వెలిసేదాకా చూద్దాం. ఏ రోజు ఏది కావాలంటే అది కడదాం. మనుషుల మొహాలు దేని ముందు బాగా వస్తే దూలం దానిది. రెండోది దిగిపోతుంది," అంది.

గుమ్మంలో నిలబడి వింటున్న ఇల్లుగలాయన అందుకున్నాడు. "దిగిపోతే ఆ తెరలు నాకిచ్చెయ్యండమ్మా. కొత్త గోడౌను కారుతోంది. అట్టపెట్టెల మీద కప్పుకుంటాను. గట్టి గుడ్డ."

అక్క చూద్దాం అంది. కాదు అనలేదు. అది నా చెవిలో ఉండిపోయింది.

*

మనవరాలి పని చూడాలి. ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఆకుపచ్చ పోయాక జుట్టు అంచుల్లో మిగిలిపోయిన పీచుల్ని ఒక్కొక్క వెంట్రుకా విడదీస్తూ కూర్చునేది. తలకి నూనె రాసి చిక్కు తీసే అమ్మలా ఓపిగ్గా తీసేది. చిన్నప్పటినుంచీ దాని చేతులు చూస్తున్నాను, అంత నిలకడ ఉందని నాకు తెలియదు. నేను స్తంభం అంచు గియ్యడానికి ఊపిరి బిగబట్టినట్టే అదీ బిగబట్టేది.

జనం కూడా ఎగబడ్డారు. కొత్తగా పెళ్లయిన జంట జలపాతం ముందు నిలబడింది. గలగలా మాట్లాడే కాలేజీ పిల్ల మంచుకొండ మీద నిలబడింది. వాళ్లు కాగితం చేతికి తీసుకుని ఎగిరి గంతేస్తుంటే అక్క కూడా వాళ్లతో పాటు నవ్వేది. ఆ నవ్వులో దొంగతనం లేదు. మెచ్చుకోవలసిందాన్ని మెచ్చుకోవడానికి అక్క ఎప్పుడూ వెనకాడదు.

ఒకరోజు ఒక లారీ డ్రైవర్ వచ్చాడు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని దర్జాగా ఫోటో దిగాడు. సాయంత్రం బొమ్మ తీసుకుని వెలుతురులోకి పట్టుకెళ్లి కెవ్వుమన్నాడు.

"ఏమ్మా, నా వేలికి చిల్లు పడిందేంటి? అందులోంచి నీళ్లు కారుతున్నాయి!"

ఉంగరంలో ఆకుపచ్చ రాయి ఉంది. గుడ్డతో పాటు కంప్యూటర్ దాన్నీ ఊడ్చేసింది. వేలి మధ్యలో గుండ్రంగా జలపాతం.

అక్క కడుపు పట్టుకుని నవ్వింది. "బాబూ, రాయి కంటే నీళ్లే మెరుస్తున్నాయి, ఉండనీ."

"మా ఆవిడ రాయి అమ్ముకున్నాననుకుంటుందండీ!"

మనవరాలు నాలుక కరుచుకుని, అప్పటికప్పుడు రాయి మళ్లీ పెట్టి ఇచ్చింది. అతను ఉంగరాన్ని ముద్దు పెట్టుకుని వెళ్లిపోయాడు.

అన్ని రోజుల్లో మెట్లు కావాలని అడిగినవాళ్లు లేరు. నేను తెరల్ని చుట్టలు చుట్టి వసారాలో గోడవార నిలబెట్టాను. వానజల్లు పడకుండా రోజూ పక్కకి జరిపేవాణ్ణి. జరిపినప్పుడల్లా ఇల్లుగలాయన కళ్లతో కొలుచుకునేవాడు.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఆకుపచ్చ గుడ్డ ముందు మనుషులు కొయ్యబారిపోయేవారు. మెట్ల ముందు నిలబడ్డవాడికి తను ఎక్కడున్నాడో తెలుసు, ఒక కాలు కాస్త ముందుకి పెట్టేవాడు. ఇక్కడ ఎటు చూసినా పచ్చ. జలపాతం తర్వాత వస్తుందంటే వాళ్లకి నమ్మకం కుదరదు. అప్పుడు అక్కే వెళ్లి మెడ సర్ది, భుజం దించి, "చేతుల సంగతి మర్చిపోండి, అవి నాకొదిలెయ్యండి," అనేది. ఎవరొచ్చినా అదే మాట. ఫోటోలో మనిషికి అన్నిటికంటే బరువు చేతులేనట. అక్క ఆ మాట అన్నాక చేతులు వాటంతటవే ఒళ్లో వాలేవి. అది ఎవరికీ నేర్పించలేని విద్య.

*

వాన ముదిరింది. వసారా కప్పు ఒకచోట కారి మెట్ల తెర చుట్ట తడిసింది. నా రంగులు జిగురునీళ్లలో కలిపిన పొడి రంగులు. నీళ్లు తగిలితే కరిగిపోతాయి. విప్పితే లోపల బొమ్మకి ఇంకా తడి అందలేదు, బయటి అంచే తడిసింది. ఆరబెట్టడానికి ఇంట్లో వేరే చోటు లేదు.

ఆ రోజు ఆకుపచ్చ గుడ్డ ఇస్త్రీ షాపులో ఉంది. ముడతలుంటే కంప్యూటర్‌కి పని పెరుగుతుందని మనవరాలు పంపించింది. కరెంటు పోయింది, ఇస్త్రీ ఆగిపోయింది, గుడ్డ రాలేదు. దూలం ఖాళీ. అక్కని అడిగి మెట్ల తెర అక్కడ కట్టాను. కిటికీలోంచి జల్లు కొడుతోందని బొమ్మవైపు గోడకి తిప్పి, వెనకవైపు గదిలోకి ఉండేలా కట్టాను.

తెర వెనకవైపు ఎవరూ చూసేది కాదు. గుడ్డకి రంగు వెయ్యకముందు జిగురు పట్టించాలి. చిక్కటి జిగురైతే రంగు పైనే నిలుస్తుంది. నేను ఎప్పుడూ పల్చగా కాచేవాణ్ణి, నా చేతికి అదే అలవాటు. రంగులు గుడ్డలోంచి దిగి అవతలికి పోయేవి. "సగం రంగు గోడకే వేస్తున్నావురా," అని అక్క ప్రతి తెరకీ తిట్టేది. అలా దిగిన రంగులన్నీ వెనకాల ఒకదానిలో ఒకటి కలిసి, ఏ బొమ్మా కాని మరకలై ఉండేవి. చిరిగినచోట అక్క వేసిన మాసికలు కూడా ఆ మరకల్లో కలిసిపోయాయి.

అప్పుడు వచ్చింది ఆ నర్సు. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు, ఆ వారమే పదవీ విరమణ. తనకంటే ముందు పనిచేసినవాళ్ల ఫోటోలన్నీ అక్కడ నడవాలో వరసగా ఉన్నాయట. తనదీ రేపటికల్లా కావాలి. గొడుగు మూల పెట్టి, తడిసిన చెప్పులు గుమ్మం బయటే విడిచి, లోపలికి వచ్చింది.

"వెనకాల ఏమీ వద్దండీ. పూలూ వద్దు, కొండలూ వద్దు. మా నడవాలో ఒకావిడ వెనక ఓడ కూడా ఉంది. ఆవిడ ఎప్పుడూ పడవైనా ఎక్కలేదు. నా మొహం ఒక్కటీ తియ్యండి చాలు."

"ఆకుపచ్చ గుడ్డ ఇస్త్రీకి వెళ్లిందండీ. కరెంటొస్తే..." మనవరాలు మొదలుపెట్టింది.

"ఆకుపచ్చ గుడ్డా? తల్లీ, ఆపరేషన్ గదిలో ఉద్యోగమంతా దాని మధ్యే గడిపాను. దాని ముందు కూర్చోబెడితే నాకు చేతులు కడుక్కోవాలనిపిస్తుంది!"

అందరం నవ్వాం. అక్క నవ్వుతూనే గది చుట్టూ చూసింది. కిటికీలోంచి వాన వెలుతురు పడుతోంది, బూడిదరంగులో, మెత్తగా. ఆ వెలుతురు తెర వెనకవైపు మీదుగా పాకుతోంది. అక్క స్టూలు కాలితో రెండడుగులు జరిపింది.

"ఇక్కడ కూర్చోండి," అంది. అంతే.

నర్సు కూర్చుంది. నిటారుగా, డాక్టర్ వచ్చాడన్నట్టు.

"చేతుల సంగతి మర్చిపోండి, అవి నాకొదిలెయ్యండి. డ్యూటీ దిగి ఇంటికెళ్లగానే మొట్టమొదట ఏం చేసేవారు?" అంది అక్క.

"మొట్టమొదటా?" ఆవిడ ఆలోచించింది. "చెప్పులు విప్పేసి, చల్లటి నేల మీద పాదాలు ఆనించి, కాసేపు ఊరికే కూర్చునేదాన్ని. ఎవరూ పిలవకుండా."

ఆ మాట అంటుంటేనే ఆవిడ భుజాలు దిగాయి. కెమెరా చప్పుడైంది. ఇంకోటి తియ్యమని ఆవిడ అడగలేదు, తీస్తానని అక్క అనలేదు.

ఆవిడ వెళ్లాక మనవరాలు కెమెరా వెనక ఉన్న చిన్న అద్దంలో బొమ్మ చూస్తూ నిలబడిపోయింది. నేను భయపడ్డాను, బొమ్మ చెడిందేమోనని.

"తాతయ్యా, ఈ తెర ఎక్కడ కొన్నారు?"

"ఏ తెర?"

"ఈవిడ వెనకున్నది."

"కొనడమేంటి? అది మెట్ల వెనక."

అది కెమెరా నా చేతికిచ్చింది. నర్సు మొహం తప్ప చూడటానికి ఇంకేమీ లేదు. వెనక గోధుమరంగు, ఊదా, కాస్త తుప్పురంగు, అన్నీ ఉన్నాయి కానీ ఏదీ లేదు. తెర దగ్గరగానే కూర్చుంది కదా, నీడ కూడా ఎక్కడో ఆ మరకల్లోనే కలిసిపోయింది. ఆవిడ చెంప మీద మాత్రం ఆ గోధుమరంగు వెచ్చదనం సన్నగా పాకి ఉంది.

*

నడవాలో ఆ ఫోటో చూసి ఆసుపత్రివాళ్లు ఒకరొకరే రావడం మొదలుపెట్టారు. "నర్సమ్మ వెనక ఉన్న ఏమీ లేనిది" కావాలని అడిగేవారు.

మనవరాలు ఊరుకునే రకం కాదు. తెర వెనకవైపుని ఫోటో తీసి కంప్యూటర్‌లో పెట్టుకుంది. "ఇక దూలం అక్కర్లేదు అమ్మమ్మా. ఆకుపచ్చ గుడ్డ ముందు తీసి, వెనక ఇదే పెడతాను," అంది. నిజం చెప్పొద్దూ, మంచి ఆలోచన. నాకు కూడా అందులో వంక కనిపించలేదు. వంక కనిపిస్తే బాగుండునని ఉంది, అది వేరే సంగతి.

నన్నే స్టూలు మీద కూర్చోబెట్టింది. ఒకటి గుడ్డ ముందు, ఒకటి తెర ముందు. రెండూ కాగితం మీద తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టింది. నాకైతే రెండూ ఒకటే ముసలి మొహం. అక్క రెండు అరచేతులతో రెండు బొమ్మల్నీ కప్పేసి, వేళ్ల సందులోంచి చెంప, దవడ మాత్రం కనిపించేలా ఉంచింది.

"ఇప్పుడు చూడవే."

మనవరాలు వంగి చూసింది. మళ్లీ చూసింది.

"ఇందులో మీ తాత అన్నం తిన్నాడు. అందులో మీ తాతకి పసరు తాగించారు," అంది అక్క.

మనవరాలు నవ్వలేదు. చెంప మీద వేలు పెట్టి చూపించింది. "గది చిన్నదైపోయింది అమ్మమ్మా. గుడ్డ దగ్గరగా ఉండేసరికి దాని పచ్చదనం దవడ మీదికి కొడుతోంది. తీసెయ్యొచ్చు, నాకు చేతనవును. తీసేస్తే చెంప కూడా కొంచెం పోతోంది." బొమ్మ నా వైపు జరిపి, "మొహాలకి తెరే మంచిది," అంది.

తను నేర్చుకున్న విద్యలో తక్కువ ఎక్కడుందో తనే వేలు పెట్టి చూపించింది. దాని వయసులో నాకు ఆ ధైర్యం లేదు. అక్క దాని తల మీద చెయ్యి వేసి ఒకసారి ఊపింది, కాయ పండిందేమో చూసినట్టు.

"అయితే ఇదీ లెక్క. జలపాతం కావాలన్నవాళ్లకి జలపాతం. గుడ్డ చక్రాల స్టాండుకి తగిలించుకో, కావాలన్నప్పుడు తోసుకో. దూలం మీద మెట్ల తెర. వెనక్కి తిప్పి," అంది అక్క.

వెనక్కి తిప్పి. ఆ మాట దగ్గర నేను లేచి వసారాలోకి వెళ్లాను.

గెలిచానో ఓడానో తెలియలేదు. తెర దిగిపోలేదు, అట్టపెట్టెల మీదికి పోలేదు. కానీ ఆ మెట్లు, ఆ స్తంభాలు, అద్దంలో ఎండ, అన్నీ గోడవైపు. నేను కష్టపడి వేసినవైపు గోడ చూస్తుంది. నాకు తెలియకుండా కారిపోయినవైపు జనం చూస్తారు.

ఇల్లుగలాయన లోపలికి తొంగిచూసి అననే అన్నాడు. "ఏంటమ్మా, ఇన్నేళ్లూ తిరగేసి కట్టారా?"

"అవునండీ. మీరు కట్టిన గోడకి చూడ్డానికి ఏమీ లేదు కదా పాపం, మెట్లు చూపిస్తున్నాం," అంది అక్క.

తర్వాత టీ రెండు గ్లాసుల్లో పట్టుకుని వసారాలోకి వచ్చింది. నా పక్కన బల్ల మీద కూర్చుంది. వాన చూస్తూ తాగాం.

"జిగురు పల్చగా కాస్తావని నిన్ను ఎన్ని తిట్లు తిట్టాను," అంది.

"ఊఁ."

"ఒక్కటైనా వెనక్కి తీసుకోను. అప్పుడది తప్పే." గ్లాసు కింద పెట్టింది. "ఇంకో తెర కావాలి. ఒక్కదానితో ఎన్నాళ్లు లాగుతాం? ఏమీ లేనిది వెయ్యి."

*

ఏమీ లేనిది వెయ్యడం ఎంత కష్టమో ఎవరికి చెప్పను? కొత్త గుడ్డ చెక్క చట్రానికి బిగించి, మరకలే వేశాను. రెండురోజులు వేశాక అక్క వచ్చి చూసింది.

"అదేంటి, ఆ మూల? మబ్బు."

"మబ్బు కాదు."

"అయితే గొర్రె. తీసెయ్."

తీసేశాను. మర్నాడు మనవరాలు వచ్చి మెల్లిగా, "తాతయ్యా, ఇక్కడ స్తంభం వస్తోంది," అంది. నిజమే. చెయ్యి దానంతటది స్తంభం వేసుకుంటోంది. అది చెరిపితే ఇంకోచోట పిట్టగోడ మొలిచింది. ఇన్నేళ్లూ చేతికి వస్తువులే నేర్పాను. వస్తువు లేకుండా ఉండటం నేర్పలేదు. మనవరాలు నా పక్కన కూర్చుని, తన కంప్యూటర్‌లో ఉన్న మరకల బొమ్మ పెద్దది చేసి చూపించింది. చూసి వేస్తే అచ్చం దాన్లాగే ఉంది, కానీ చచ్చిపోయి ఉంది.

గుడ్డ ఉతికి ఆరేశాను. రెండు రోజులు ఏ పనీ చెయ్యలేదు. మూడో రోజు జిగురు కాచాను, మునుపటికంటే పల్చగా. వసారాలో చట్రం నిలబెట్టి, ఎవరూ అటు రావద్దని చెప్పాను. నేను అంత పొడుగు మాట మాట్లాడటం చూసి ఇద్దరూ నిజంగానే రాలేదు.

ఆ తెర మీద నేను ఏమీ లేనిది వెయ్యలేదు. నాకు తెలిసిన పని చేశాను. నాకు వచ్చిన రంగులన్నీ పెట్టి, ఎప్పుడూ వెయ్యనంత శ్రద్ధగా, ఒక నిండు బొమ్మ వేశాను. ప్రతి అంచూ గీశాను. ప్రతి నీడా వేశాను. అది వేసిన రోజుల్లో వాన ఎప్పుడు తగ్గిందో చూసుకోలేదు. చివరికి చట్రం విప్పి చూస్తే వెనకవైపు కావలసినవి దిగి ఉన్నాయి. ఒకదానిలో ఒకటి కలిసి, ఏదీ కాకుండా, ఊపిరి ఉన్నట్టు.

మెట్ల తెర దించి, దాని చోట దీన్ని బొమ్మవైపు గోడకి తిప్పి దూలానికి కట్టాను. అప్పటికి వెలుతురు తేటపడింది. కిటికీ అవతల చూరు నుంచి చుక్కలు మాత్రమే పడుతున్నాయి.

అక్క వచ్చి తెర ముందు నిలబడింది. మెడ వంచి అటూ ఇటూ చూసింది. గొర్రె కోసం వెతికింది. స్తంభం కోసం వెతికింది. దొరకలేదు.

"అటువైపు ఏం వేశావు?"

నేను పక్కకి జరిగి దారి ఇచ్చాను.

అక్క తెర అంచు పట్టుకుని, గోడకీ దానికీ మధ్య తల దూర్చి చూసింది. అటువైపు మా పాత హాలు ఉంది, మధ్యలో గోడ లేకుండా, ఈ చివరినుంచి ఆ చివరిదాకా. దూలం మీద తెరలన్నీ ఉన్నాయి. మధ్యలో స్టాండు, కెమెరా. కెమెరా వెనక ఒక మనిషి వంగి, "చేతుల సంగతి మర్చిపోండి" అంటోంది.

చాలాసేపు తల బయటికి తియ్యలేదు. తీశాక ముక్కు తుడుచుకుంది.

"ముక్కు పెద్దది వేశావురా," అంది.

"ఉన్నదే వేశాను."

మనవరాలు చూడబోతే, "నువ్వు తర్వాత చూద్దువుగానీ, ముందు కెమెరా తీసుకో," అంది. తెరకి స్టూలు దగ్గరగా జరిపి తనే కూర్చుంది. స్టూడియో పెట్టిన దగ్గర్నుంచీ అక్కకి ఒక్క ఫోటో లేదు. ఎప్పుడూ కెమెరాకి ఇవతలే ఉంది.

మనవరాలు కెమెరా సరిచేసుకుంది. అక్క నిటారుగా, బిగుసుకుని కూర్చుంది. ఒక చెయ్యి మోకాలి మీద పెట్టింది, తీసి స్టూలు అంచు పట్టుకుంది, రెండూ కలిపి మడిచింది, విప్పింది. ఎంతమంది చేతుల్ని ఒళ్లో వాల్చిందో, తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అక్కకి తెలియలేదు. నాకేసి చూసింది.

"చేతుల సంగతి మర్చిపో అక్కా, అవి నాకొదిలెయ్," అన్నాను.